రిపోర్టులు నార్మలే, మరి ఈ దడ?

ప్రశ్న: మాది రాయచోటి దగ్గర పల్లె. ఇప్పుడు బహ్రెయిన్‌లో, మనామాలోని మహూజ్‌లో ఉంటున్నాం. నాన్న లేడు. నా ఆరో ఏట అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లింది. మేనత్త దగ్గర పెరిగాను. మామ తాగొస్తే పిల్లల్లో ఎవరికో ఒకరికి బెల్టు దెబ్బలు తప్పేవి కావు. గేటు దగ్గర బండి ఆగగానే పుస్తకాలు మంచం కిందికి తోసేసి, నిద్రపోతున్నట్టు పడుకునేదాన్ని. ఇప్పుడు నాకు 34. మా ఆయన నెమ్మదస్తుడు. అయినా సాయంత్రం మా అంతస్తులో లిఫ్ట్ ఆగితే చాలు, చేతిలో గరిటె ఆగిపోతుంది, గుండె దడదడలాడుతుంది. బీపీ 150 దాటుతోంది. గుండె పరీక్షలన్నీ నార్మల్. "నీకేం జబ్బు లేదు, ఊరికే ఆలోచిస్తావు" అంటారీయన. మొన్న ఏడేళ్ల పాప పాలు ఒలకబోస్తే చెయ్యెత్తాను. అది కళ్లు గట్టిగా మూసుకుంది. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు ఒళ్లు పాడవుతుందా? ఇక్కడ ఎవరితో చెప్పుకోను?
– ఓ సోదరి, మహూజ్

సలహా: అమ్మా, బీపీ 150 దాటుతున్న మనిషిని పట్టుకుని జబ్బు లేదనడమేమిటి? కారణం చిన్ననాటిదే కావచ్చు, బీపీ మాత్రం ఇప్పటిది. డాక్టరు మాత్ర రాస్తే వేసుకోండి. మనసు కుదుటపడ్డాక చూద్దాంలే అని వాయిదా వేయొద్దు.

ఇక మీ ప్రశ్న. పాడవ్వొచ్చు. శాన్ డియాగోలో వేలమంది పెద్దవాళ్లను బాల్యం గురించి అడిగి చేసిన అధ్యయనాన్ని డాక్టర్లు విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ ఆండా బృందం 1998లో ప్రచురించింది. దెబ్బలు, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం చూడటం లాంటివి ఎన్ని ఎక్కువుంటే గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, దిగులు అంత ఎక్కువగా కనబడ్డాయి. బండి చప్పుడుకి అడ్రినలిన్, కార్టిసాల్ పెరిగి ఒళ్లు అప్రమత్తం కావడం అప్పట్లో మిమ్మల్ని కాచింది. ఏళ్ల తరబడి అదే జరిగేసరికి చిన్న అలికిడికీ ఉలిక్కిపడటం ఒంటికి అలవాటైపోయింది. వస్తున్నది మామ కాదని మీకు తెలుసు. ఒంటికి తెలియడానికే టైం పడుతుంది. ఈలోగా లిఫ్టెక్కే ముందు ఫోన్ చేసి "వస్తున్నా" అనమనండి మీ ఆయన్ని. ఈ జవాబు కూడా చదివించండి.

అలాగని కష్టాల లెక్క వేసుకుని బెంబేలు పడకండి. ఆ లెక్క జనాభాకే గానీ ఒక్క మనిషి జాతకం చెప్పడానికి పనికిరాదని 2020లో ఆండాయే హెచ్చరించారు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ దశాబ్దాలపాటు గమనించారు. పేదరికం, ఇంటి గొడవల మధ్య పెరిగినవాళ్లలో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకు ఆసరాగా నిలిచిన పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారు. మీ పాపకు ఆ ఒక్కరు మీరే కావచ్చు. "చెయ్యెత్తడం నాదే తప్పు, పాలు ఒలికితే తుడుచుకుందాం" అని దానితో చెప్పండి. పిల్లలకు సారీ చెబితే చులకనైపోతామనేది మన పెద్దల భయం. నేనైతే నమ్మను.

ఎవరితో చెప్పుకోవాలంటారా? ఉగాది సభలో పులిహోర తింటూ చెప్పుకునే సంగతి కాదిది. కానీ అక్కడ పరిచయమైనవాళ్లలో కడుపులో మాట దాచుకోగలిగిన స్నేహితురాలు ఒకరు దొరకవచ్చు. మీ మనామాలోనే, సల్మానియాలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. తెలుగులోనే మాట్లాడాలనిపిస్తే మన దగ్గరి కౌన్సెలర్లు వీడియో కాల్‌లో చూస్తారు. చిన్ననాటి హింసకు చికిత్స చేసిన అనుభవం ఉందా అని ముందే అడగండి. ఖర్చుకో, దారి తెలియకో ఇబ్బందైతే భారత రాయబార కార్యాలయం అండతో 1999 నుంచి పనిచేస్తున్న ఇండియన్ కమ్యూనిటీ రిలీఫ్ ఫండ్‌ను అడిగి చూడండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి.