అద్దకం బల్ల దగ్గర నేర్చుకున్నవి

మా మొగల్తూరులో ఆడపిల్లకి ఊహ తెలిసేసరికి చేతికి క్రోషే సూది వచ్చేది. నరసాపురం లేసు అని పేరు మోసిన సరుకంతా ఈ చుట్టుపక్కల అరుగుల మీద అల్లిందే. నేనూ అల్లాను. తర్వాత ఉప్పుటేరు దాటి, కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం నేర్చుకున్నాను. కాళహస్తిలో కలంతో గీస్తారు, బందరు వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. లేసు ఎవరింట్లో వాళ్లు అల్లేది, అద్దకం షెడ్డులో అందరూ కలిసి చేసేది. ఇప్పుడు నేర్చుకుంటామని వచ్చే అమ్మాయిలకు నేను చెప్పే మాటలు ఇవి.

1. ముందు బట్ట సంగతి చూడండి. అచ్చు పట్టుకోవాలని అందరికీ తొందరే. బట్టలోని గంజి పోయేదాకా ఉతికి, ఎండబెట్టి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తేగాని అది బల్ల మీదికి రాదు. రంగును పట్టి ఉంచేది కరక్కాయలోని వగరు. ముంచిన బట్ట లేత పసుపు తిరుగుతుంది. ఆ పసుపు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉందంటే పైన వేసే నలుపు కూడా అలాగే తేలుతుంది. కొత్తవాళ్లకు మొదట ఈ పని అప్పజెబితే చిన్నబుచ్చుకోకండి. తక్కినవాళ్ల కష్టమంతా దీని మీదే నిలబడుతుంది.

2. నలుపును తొందరపెట్టకండి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఇనుము ఆ పులుపులోకి దిగుతుంది. కరక్కాయ తాగిన బట్ట మీద దానితో అచ్చు వేయగానే, వగరూ ఇనుమూ కలిసి నల్లబడతాయి. ఇంకా నల్లగా రావాలని ఇనుము పాలు పెంచితే, కొన్నేళ్లకు అది నూలునే తినేస్తుంది. పాత గుడ్డల్లో నల్ల గీత ఉన్నచోటే చిరుగు కనిపించడానికి అదే కారణం.

3. ఉడుకు దగ్గర నిలబడండి. ఎరుపు కావలసినచోట పటిక నీళ్లలో బంక కలిపి అద్దుతాం. అప్పటికి కంటికి పెద్దగా ఏమీ ఆనదు. ఉతికి, రంగు నీళ్లలో ఉడికించినప్పుడు పటిక పడినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. గోలకొండ సుల్తానుల కాలంలో ఈ ఎరుపుకు చిరివేరు అనే మొక్క వేరు వాడేవారు. పేటపోలి, అంటే ఇప్పటి నిజాంపట్నం, చిరివేరుకు ఎంతో గిరాకీ ఉండేది. ఇప్పుడు ఎక్కువగా అలిజరిన్ వాడుతున్నారు. మీరు అద్దిన బట్టను గంగాళంలో మీరే కర్రతో తిప్పండి. బల్ల దగ్గర చెయ్యి ఎక్కడ తేలిపోయిందో అక్కడ బయటపడుతుంది.

4. చూపు మూల మీద ఉంచండి. మొదట గీతల అచ్చు, తర్వాత ఒక్కో రంగు నింపే అచ్చు పడతాయి. నమూనాలో ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు. అచ్చును రంగు పళ్లెంలో తేలికగా తాటించి, మూల మూలకు కలిపి ఆనించి, వీపు మీద పిడికిలితో ఒక్కటి కొట్టాలి. బల్ల మీద మెత్తగా పరుపు ఉంటుంది కాబట్టి బలం కంటే నిలకడ ముఖ్యం. పని అయ్యాక అచ్చు కడిగి ఆరబెట్టండి. టేకు మీద ఆ గీతలు చెక్కిన చేతులు వేరొకరివి. వీలైతే వెళ్లి ఆయన పక్కన ఒక పూట కూర్చోండి. ఎంత సన్నని గీత చెక్క మీద నిలుస్తుందో తెలిశాక నమూనా గీయడమే మారుతుంది.

5. నీటిని బట్టి పని పెట్టుకోండి. ఉడికించే ముందు మిగులు పటికా బంకా పోవాలంటే పారే నీళ్లు కావాలి. నిలవ నీటిలో అవి మళ్లీ బట్టకే అంటి మచ్చలు పడతాయి. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు, వానాకాలం బట్ట ఆరదు. పని ఒప్పుకునే ముందే ఈ రెండూ లెక్క చూసుకోండి.

6. గుట్టు దాచకండి. బందరులో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో కొట్లు పెట్టింది ఈ బట్టల మీద ఆశతోనే. మన సరుకు ధాటికి తమ నేతగాళ్లు గోల పెడితే ఇంగ్లండు 1721లో అద్దకం నూలు బట్టలు కట్టడమే నిషేధించింది. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాదిరీ, కోరమాండల్ తీరం నుంచి ఈ రంగుల పద్ధతంతా ఉత్తరంగా రాసి పంపాడు. అది అచ్చయింది కూడా. అంటే దాదాపు మూడొందల ఏళ్లుగా దాచడానికేమీ లేదు. పక్క బల్లవాళ్లు అడిగితే చెప్పండి, మీకు తెలియనిది అడగండి.

7. మీ పనికి ముందూ వెనకా ఏముందో తెలుసుకోండి. లేసు అల్లేటప్పుడు మాకు మా పువ్వు వరకే తెలుసు. వాటిని ఎవరు కలుపుతారో, ఎక్కడ ఎంతకు అమ్ముతారో తెలియదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద పుస్తకం రాశారు. ఇంటిపట్టున తీరిక వేళ చేసే పనిగా లెక్కకట్టడం వల్లే కూలి అంత తక్కువని ఆవిడ తేల్చారు. షెడ్డులో అన్నీ కళ్లెదుటే జరుగుతాయి. అందుకే బట్ట, కరక్కాయ, కట్టెలు, ఉతుకుడు, అచ్చుల అరుగుదల, మనిషి కూలి, అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. స్క్రీన్ ప్రింటును కలంకారీ అని సగం ధరకు అమ్మేవాళ్లు ఉన్నారు. కొనడానికి వచ్చినవారు ఆ ధర చెబితే, వాదన పెట్టుకోకుండా ఆ పుస్తకం తెరిచి చూపించండి.