దయయు న్యాయమును: అడోల్ఫ్ గుయెర్ త్సెల్లెర్ చరిత్రము

ధనము నార్జించుట యొక విద్య. దానిని లోకోపకారముగా వినియోగించుట వేఱొక విద్య. ఈ రెండింటిని అభ్యసించిన స్విట్జర్లాండు దేశీయుని చరిత్రము మనకు విచారణీయమై యున్నది.

అడోల్ఫ్ గుయెర్ 1839వ సంవత్సరమున జ్యూరిచ్ మండలమందలి నాయ్‌తాల్ అను కొండపల్లెలో జన్మించెను. అచ్చట ఆయన తండ్రికి నూలు వడకు యంత్రశాల యుండెను. వాగునీటి బలమే దాని యంత్రములను త్రిప్పుచుండెను. అడోల్ఫ్ యౌవనమున విదేశములలో సంచరించి వర్తకమర్మములను గ్రహించెను. 1869లో అన్నా త్సెల్లెర్‌ను వివాహమాడి, ఆ దేశాచారము చొప్పున భార్య యింటిపేరును తన పేరునకు చేర్చుకొనెను. జ్యూరిచ్ మండల శాసనసభలో సభ్యుడుగా నుండెను. రైలుమార్గముల వ్యాపారమున ప్రవేశించి, 1894లో ఈశాన్య రైల్వే సంఘమునకు అధ్యక్షుడయ్యెను.

ఇంత సంపన్నుడయ్యును ఆయన తన పల్లెను మఱవలేదు. ఊరికాన్ నుండి బౌమా వఱకు రైలుమార్గము వేయింప పాటుపడెను. అది ఆయన మరణానంతరము 1901లో తెఱవబడెను. నాయ్‌తాల్ చుట్టునున్న అడవులలో ఆయన వేయించిన కాలిబాటలపై జనులు నేటికిని నడచుచున్నారు.

అయితే బాట యుండిన చాలునా? నడచుటకు తీరిక యుండవలదా? ఆ తీరికను యజమానుల దయ యీయలేదు, శాసన మిచ్చెను. 1877లో స్విట్జర్లాండు ప్రజలు తమ సమ్మతిచే నిలుపుకొన్న కార్మికచట్టము యంత్రశాలలలో దినమునకు 11 గంటలకు మించి పని చేయింపరాదనియు, 14 ఏండ్లు నిండని బాలురను పనిలో చేర్చుకొనరాదనియు విధించెను. బాట దాత యొసగిన వరము. తీరిక పౌరునకు గల హక్కు.

1893 ఆగస్టు 27న ఆయన కుమార్తెతో గూడి పర్వతములలో విహరించుచుండగా, యుంగ్‌ఫ్రౌ శిఖరమునకు కొండను తొలిచి విద్యుద్రైలు నడపవచ్చునని తోచెను. 1896లో పని ప్రారంభమయ్యెను. 1898లో తొలి భాగము తెఱవబడెను. సొరంగమును తొలిచినవారిలో పెక్కండ్రు ఇటలీ నుండి వచ్చిన కూలీలు. 1899 ఫిబ్రవరిలో మందుగుండు ప్రేలి ఆర్గురు మరణించిరి. ఆ యేడే పనివారు సమ్మె కట్టిరి. ఏప్రిల్ 3న గుయెర్ త్సెల్లెరును కాలధర్మము నొందెను. ఆయన తలచిన మార్గము శిఖరమునకు చేరలేదు. 1912 ఆగస్టు 1న 3,454 మీటర్ల యెత్తున నున్న కనుమ వఱకు మాత్రము పూర్తియయ్యెను. 1931లో అచ్చట శాస్త్రపరిశోధనాలయము వెలసెను.

ఆ యెత్తున నిలిచి మంచుకొండలను జూచువారు సంకల్పించినవాని బుద్ధిని కొనియాడుదురు. అది తగినదే. కాని చీకటిలో ఱాతిని తొలిచినవారి ఋణము కొనియాడుటచే తీఱునది కాదు.

చదువరులారా! సంపన్నుని దయ అతని యిష్టము ననుసరించును. అతనితోడనే అంతరింపను వచ్చును. న్యాయమన్ననో, యజమాని మంచివాడైనను కాకున్నను పనివానిని కాపాడును. కాబట్టి దానము చేయువారు దానముతో తృప్తినొందక, తమ్ము సైతము కట్టుబఱచు శాసనములకు తోడ్పడవలయును. తన ధర్మబుద్ధి మాఱినను ఇతరులకు కీడు కలుగకుండునట్లు ఏర్పాటు చేయువాడే నిక్కమైన ధర్మాత్ముడు.