నోరు పోయిన కీబోర్డుకు కొత్త గొంతు

మన స్టోరు రూములోని పెద్ద కీబోర్డుకు లైటు వెలుగుతుంది, మీటలన్నీ బాగానే దిగుతాయి, శబ్దం మాత్రం రాదు. పాత సామాన్ల వాడికి వేసేద్దామని మాట వచ్చింది గనుక ఈ పాఠం రాస్తున్నాను.

హార్మోనియంలో మీట నొక్కితే గాలి రీడు గుండా పోయి అక్కడికక్కడే మోగుతుంది. కీబోర్డు అట్లా కాదు. మీట నుంచి అంకెలు మాత్రమే పోతాయి, వాటిని చదివి లోపలి ఇంకో భాగం మోగుతుంది. 1983లో వచ్చిన మిడి అనే పద్ధతిలో ఒక్కో నొక్కుకు మూడు అంకెలు: నొక్కారా వదిలారా, ఎన్నో స్వరం, ఎంత గట్టిగా. నడిమి 'సి' స్వరం నంబరు 60. గట్టితనం 1 నుంచి 127 దాకా. వెనక 'మిడి ఔట్' అని రాసివున్న ఐదు రంధ్రాల గుండ్రటి సాకెట్టు నుంచి ఈ అంకెలు బయటికి వస్తాయి. అంటే మోగే పని వేరే పెట్టెకు అప్పగించవచ్చన్నమాట.

ఆ పెట్టె రాస్ప్‌బెర్రీ పై. పిల్లలు ప్రోగ్రాములు నేర్వడానికని ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వాళ్లు 2012లో తెచ్చిన అరచేతి కంప్యూటరు. 4వ రకం చాలు. యూఎస్‌బీ మిడి కేబులు 'ఇన్' పిన్నును కీబోర్డు 'ఔట్'లో పెట్టాలి. అంకెలు రాకపోతే పిన్ను మార్చి చూడండి, కొన్ని కేబుళ్ల మీద రాత తిరగబడి ఉంటుంది. పైలో ఫ్లూయిడ్‌సింత్ అనే ఉచిత ప్రోగ్రామును, నిజం పియానో స్వరాలను రికార్డు చేసి పెట్టిన సౌండ్‌ఫాంటు ఫైలును ఎక్కించాలి. పై మీది ఇయర్‌ఫోను రంధ్రంలో గరగర ఎక్కువ. చిన్న యూఎస్‌బీ సౌండు కార్డు పెట్టి ప్రార్థన మైకుసెట్టుకు కలపడం మేలు.

అసలు చిక్కు ఆలస్యంతో. కంప్యూటరు శబ్దాన్ని ముక్కలుగా చేసి, కొన్ని గుంపులు నిల్వపెట్టుకుని వదులుతుంది. సెకనుకు 44,100 ముక్కలు. ఫ్లూయిడ్‌సింత్ మామూలుగా 64 ముక్కల గుంపులు 16 పెట్టుకుంటుంది, మొత్తం 1,024. లెక్క కట్టండి, 23 మిల్లీసెకన్లు! శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది కదా, అంటే మనం వాయించే పియానో దాదాపు 8 మీటర్ల అవతల ఉన్నట్టు. తాళం తప్పిపోతుంది. 16 గుంపులను 4 చేస్తే 6 మిల్లీసెకన్లకు, అంటే 2 మీటర్లకు దిగుతుంది. అప్పుడు హాయిగా వాయించవచ్చు. మరీ తగ్గిస్తే పై అందుకోలేక చిటపటమంటుంది. అలా అయితే ఒక గుంపు పెంచాలి.

కరెంటు సంగతి మనకు తెలిసిందే. రాస్తుండగా కరెంటు పోతే పై మెమరీ కార్డు చెడిపోవచ్చు. అన్నీ కుదిరాక సెట్టింగుల్లో 'ఓవర్‌లే' ఆన్ చేస్తే కార్డు మీద ఇక ఏమీ రాయదు. స్విచ్చి ఎప్పుడు తీసినా భయం లేదు.

వార్డెన్ సారు గారికి మనవి: కీబోర్డును తూకానికి వేసే ముందు ఒక్క కేబులు తెప్పించి, మన కంప్యూటరు గదిలో అంకెలు వస్తున్నాయో లేదో చూడనివ్వండి సార్. వస్తే మిగతా సామాను గురించి అడుగుతాం, రాకపోతే అడగం.