అడుగుజాడ చెప్పే సాక్ష్యం



గుర్తులు రెండు విధాలని పునీత అగస్టీనుగారు క్రైస్తవ బోధనను గూర్చిన తమ గ్రంథంలో వివరించారు. మాట, సైగ మొదలైనవి మనం ఇతరులకు తెలియాలని ఇచ్చే గుర్తులు. పొగ నిప్పును తెలుపుతుంది, అడుగుజాడ జంతువు నడిచిన దారిని తెలుపుతుంది. ఇవి ఎవరూ కోరి ఇచ్చినవి కావు. సెమినరీలో ఈ విభజన చదువుకొన్న రోజుల్లో దీనితో ఇంత పని పడుతుందని ఎవరనుకొన్నారు?

మీ చేతిలోని సెల్‌ఫోను ఈ రెండు రకాల గుర్తులనూ పంపుతుంది. మీరు వ్రాసిన మాట, పెట్టిన ఫొటో మీరిచ్చినవి. ఏ వేళకు చూశారు, ఏ ఫోనుతో చూశారు, ఎంతసేపు ఆగారు అన్నవి మీరివ్వకుండానే వెళ్ళేవి. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి అనే ఇంజినీరు 'కుకీ' అనే చిన్న చీటీని రూపొందించాడు. మీరు తెరచిన వెబ్‌సైటు దానిని మీ యంత్రంలోనే ఉంచి, మరల వచ్చినప్పుడు చూసి గుర్తుపడుతుంది. కొట్టువాడు ఖాతాదారుని గుర్తుపెట్టుకోవటం వంటిదే గనుక అందులో తప్పు లేదు. కాని ఒకే ప్రకటనల సంస్థ వేల కొట్లలో తన చీటీ పెడితే, మీరు తిరిగిన వీధులన్నీ దానికి తెలిసిపోతాయి.

"పేరు చెప్పలేదు గదా, నన్నెవరు పోల్చుకొంటారు?" అని మీరనవచ్చు. 2006 ఆగస్టులో అమెరికాలోని ఏఓఎల్ సంస్థ, సుమారు 6,50,000 మంది మూడు నెలల్లో వెదకిన దాదాపు 2 కోట్ల ప్రశ్నలను పరిశోధకుల కోసం బయటపెట్టింది. పేర్లు తీసి, ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చింది. కొద్ది రోజులకే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక సంఖ్య వెంటబడి, అది ఫలానా వితంతువు అని కనుగొన్నారు. ఆమె తన ఊరిలో తోటపనివారి కోసం, తన ఇంటిపేరు గలవారి కోసం వెదకింది. ఆ ఆనవాళ్ళు దారి చూపాయి.

అంతకంటె ఆలోచింపదగినది మరొకటుంది. ఆ పట్టికలో రకరకాల జబ్బుల ఊసు ఉంది. చదివినవారు ఆమెను రోగిష్టి అనుకొంటారు. నిజానికి స్నేహితుల దిగులు తీర్చటానికి వారి జబ్బులను గూర్చి వెదకటం ఆమెకు అలవాటు. జాడ నిజమే, అది చెప్పిన కథ మాత్రం అబద్ధం! కార్యాన్ని చూసి కర్త ఉద్దేశాన్ని నిశ్చయించరాదని తర్కం చదివినవారు ఎరుగుదురు. అప్పిచ్చేవాడో, ఉద్యోగమిచ్చేవాడో ఆ పట్టిక చదివి తనలో తాను తీర్పు చెప్పుకొంటే, ఆమె ఎవరికని బదులు చెప్పుకొంటుంది? ఏఓఎల్ కొద్ది రోజుల్లోనే పట్టికను తొలగించి క్షమాపణ కోరింది గాని, అప్పటికే ప్రతులు చేతులు మారాయి.

మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది. చట్టం పని చట్టానిది. మీరు మాత్రం ఈ రోజే ఫోను సెట్టింగులు తెరచి, ఏ యాప్‌కు లొకేషన్, కాంటాక్టుల అనుమతి ఇచ్చారో చూడండి. టార్చిలైటుకు మీ బంధువుల నంబర్లతో ఏమి పని? ఇక 'ఇన్‌కాగ్నిటో'లో చూస్తే ఏదీ మిగలదని మన యువకులు నమ్ముతారు. అందులో చూసిన చరిత్ర మీ ఫోనులో నిలవదు, అంతవరకే. అవతలి వెబ్‌సైటు మీ రాకను చూస్తూనే ఉంటుంది.