ఈలోయ్ మీదుగా వెళ్ళేటప్పుడు

బాపట్ల,
డిసెంబరు

చిట్టితల్లీ,

అమెరికాలో నువ్వు ఒంటరిగా విమానం నడపబోయే దారి గీసి ఫోన్‌లో పంపిన చార్టును మీ మావయ్య పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి తెచ్చాడు. దాన్ని భోజనాల బల్ల మీద పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా మూలల మీద మీ అమ్మమ్మ ఆవకాయ సీసాలు పెట్టి, నిన్న రాత్రి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మేసాలో ఫాల్కన్ ఫీల్డ్ దగ్గర బయల్దేరి, టూసాన్ పక్కన ర్యాన్ ఫీల్డ్‌లో దిగి, వచ్చేటప్పుడు కాసా గ్రాండేలో ఇంకోసారి దిగి, పొద్దు ఉండగానే ఇల్లు చేరడం. 150 నాటికల్ మైళ్ళు దాటే ఆ ప్రయాణమంతా నీ పక్క సీటు ఖాళీగానే ఉంటుందన్నమాట. మీ అమ్మమ్మ పొద్దుటినుంచి పాలబ్బాయికీ, పూలమ్మాయికీ, మేడమీద అద్దెకున్న వాళ్ళకీ ఈ సంగతే చెప్పుకుని, ఆఖరికి నా దగ్గరకొచ్చి, "అంత దూరం ఒక్కతీనా? ఎవరినైనా తోడివ్వరా?" అని అడిగింది. ఇవ్వరు, పైలట్ శిక్షణలో అదే పరీక్ష అని చెప్పాను. చెప్పానే గానీ నాకూ నిద్ర పట్టలేదు.

నీ చదువు గురించి నాకు బెంగ లేదు. బెంగంతా ఒక్కచోటే. ఫీనిక్స్ నుంచి టూసాన్ వెళ్ళే పదో నంబరు ఇంటర్‌స్టేట్ రోడ్డు వెంట, ఇంచుమించు సగం దారిలో, ఈలోయ్ అనే ఊరి పక్కన నీ చార్టులో చిన్న పారాషూట్ గుర్తు వేసి ఉంది చూడు, అక్కడ. ప్రపంచంలోని పెద్ద స్కైడైవింగ్ కేంద్రాల్లో అదొకటి. చలికాలంలో మీ ఎడారి ఆకాశం తేటగా, ఎండ హాయిగా ఉంటుంది కాబట్టి, మంచు కురిసే ఊళ్ళవాళ్ళంతా క్రిస్మస్ సెలవలకి అక్కడికి చేరతారు. నువ్వు బయల్దేరేదీ సరిగ్గా ఆ వారమే.

ఇంకో సంగతి. తూర్పు దిక్కుగా పోయే చిన్న విమానాలు బేసి వేల మీద ఇంకో 500 అడుగుల ఎత్తున పోవాలన్న నియమం ప్రకారం నువ్వు 5,500 అడుగులని రాసుకున్నావు. నియమం అదే, తప్పేం లేదు. కానీ ఈలోయ్ నేలే సముద్రమట్టానికి సుమారు 1,500 అడుగుల ఎత్తున ఉంది. అంటే అక్కడికి వచ్చేసరికి నీ కింద ఉండేది 4,000 అడుగులు. దూకేవాళ్ళు నేలకి 13,000 అడుగుల పైనుంచి మొదలుపెట్టి, నిమిషం సేపు గంటకి 190 కిలోమీటర్ల వేగంతో పడుతూ వచ్చి, పారాషూట్ తెరిచేది ఇంచుమించు 4,000కీ 3,000కీ మధ్యనే. పుస్తకం ప్రకారం నీకు సరైన ఎత్తే ఆ ఒక్క ఊరి దగ్గర వాళ్ళంతా వచ్చి చేరే ఎత్తు అవుతోంది. రాత్రి పెన్సిల్‌తో కూడికలు తీసివేతలు చేస్తుంటే ఇది తేలింది. ఇక ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఆగ్రా ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ టవర్లో నేను పనిచేసిన రోజుల్లో, అప్పటికి మీ అమ్మ రెండు జడలు వేసుకుని బడికి వెళ్తుండేది, పారాట్రూపర్ల ట్రైనింగ్ స్కూలు అక్కడే కాబట్టి, కొత్త కుర్రాళ్ళని ఏఎన్-32లో ఎక్కించుకెళ్ళి మల్పురా మైదానం మీద దూకించేవారు. వాళ్ళ పారాషూట్లకి విమానంలో తాడు కట్టి ఉంటుంది, దూకగానే అవే తెరుచుకుంటాయి. అయినా బైనాక్యులర్స్ పెట్టుకుని చూస్తే మాకు గుడ్డ విచ్చుకున్నాకే కనబడేవారు తప్ప, అంతకుముందు మనిషి కంటికి ఆనేవాడు కాదు. నిమిషం సేపు తెరవకుండా పడే మనిషి ఇంకెంత కనబడతాడో ఆలోచించు. మా టవర్లో రాయలసీమ నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన ఉండేవాడు. ప్రతిసారీ తెరుచుకున్న పారాషూట్లని పైకే లెక్కపెట్టేవాడు. అది ఆయన పని కాదు, ఆ లెక్క చూసేవాళ్ళు మైదానంలో వేరే ఉన్నారు. ఎందుకన్నా అని అడిగితే, "వాళ్ళమ్మలు ఈడ లేరు గదప్పా" అన్నాడు. ఆయన పక్కన కూర్చుని నేనూ లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. దూకడం మొదలైందంటే మల్పురా వైపు ఇంకో విమానాన్ని పోనిచ్చేవాళ్ళం కాదు. ఎంత పెద్ద ఆఫీసరు వస్తున్నా దూరంగా చక్కర్లు కొట్టవలసిందే.

ఈలోయ్‌లో నీకు అలాంటి టవర్ లేదమ్మా. దారి మూసి నిన్ను ఆపేవాళ్ళు ఉండరు. పోవడానికి నీకూ హక్కుంది, దూకడానికి వాళ్ళకీ హక్కుంది, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తప్పుకోవాలి. చూద్దామంటే నీ సెస్నా 172కి రెక్క తలమీద ఉంటుంది. నేల చక్కగా కనిపిస్తుంది, పైనున్నది కనిపించదు, వాళ్ళొచ్చేదేమో పైనుంచే. వాళ్ళ విమానం నీ ట్యాబ్లెట్ తెర మీద చుక్కగా కనిపిస్తుంది గానీ, అందులోంచి దూకిన మనుషులు కనిపించరు. 1993 నవంబరులో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ దగ్గర దారిన పోతున్న చిన్న పైపర్ విమానం తోకకి పైనుంచి పడుతున్న స్కైడైవర్ తగిలాడు. అతను గాయాలతో బతికాడు, విమానంలో ఉన్న నలుగురూ పోయారు. 2014లో ఫ్లోరిడాలో రన్‌వే మీదికి వస్తున్న ఒక సెస్నా రెక్కకి, అప్పుడే దిగుతున్న మనిషి పారాషూట్ తాళ్ళు తగులుకున్నాయి. దేవుడి దయవల్ల పైలటూ, అతనూ ఇద్దరూ కొద్ది గాయాలతో బయటపడ్డారు. ఇవి నీకు రాయడమా మానడమా అని చాలాసేపు ఆలోచించాను. నీ దగ్గర చిన్నప్పుడే ఏదీ దాచలేదు, ఇప్పుడు దాచడం ఎందుకు?

అందుకని చుట్టూ తిరిగి పో తల్లీ. నాలుగు నిమిషాలు ఎక్కువైతే కానీ, పెట్రోలు ఖర్చు మీ నాన్న చూసుకుంటాడు. ఏ పక్కగా అన్నది మీ టీచరుతో కూర్చుని తేల్చుకో. పడమటి పక్కన స్టాన్‌ఫీల్డ్ దగ్గర నీలాంటి పిల్లలే గుంపుగా ప్రాక్టీసు చేస్తుంటారు, ఆగ్నేయాన పికాచో శిఖరం 3,374 అడుగులు లేచి ఉంటుంది, అవన్నీ లెక్కలోకి తీసుకోవాలి. గాలి ఎటునుంచి వీస్తోందో ఆ పక్క ఇంకా ఎడంగా ఉండు. దూకినవాళ్ళు గాలికి కొట్టుకొస్తారు కాబట్టి విమానం గాలికి ఎదురెళ్ళి, మైదానం దాటాక వదులుతుంది. అదీ ఒక్కసారిగా కాదు, జట్టు తర్వాత జట్టుగా, ఆ వరస చాలా దూరం సాగుతుంది. అందరూ దూకేశాక ఇంకో జట్టుని ఎక్కించుకోవాలి కాబట్టి ఆ విమానం ముక్కు దించి, వాళ్ళకంటే ముందే నేల చేరుతుంది. విమానం దిగిపోయింది కదా, ఆకాశం ఖాళీ అయిందనుకోకు. పైన ఇంకా మనుషులుంటారు.

మాట్లాడటం గురించి కూడా చెప్పాలి. దూకించే విమానం పైలట్ కనీసం ఐదు నిమిషాల ముందు నుంచే కంట్రోలరుతో మాట్లాడుతుండాలని అక్కడి చట్టం. కాబట్టి ఎప్పుడు దూకుతారో కంట్రోలరుకి తెలుసు. ఆ మాట నీకూ అందాలంటే నువ్వు బయల్దేరగానే ఫ్లైట్ ఫాలోయింగ్ అడిగి ఆయన లెక్కలో ఉండాలి. రెండో రేడియోలో ఈలోయ్ ఫ్రీక్వెన్సీ పెట్టుకుని వింటూ, నువ్వెక్కడున్నావో, ఎంత ఎత్తులో ఉన్నావో, ఎటు పోతున్నావో నోరు తెరిచి చెప్పాలి. అక్కడే నా భయం. నువ్వు అడగవు. ఎండలో ఆడుకుని వచ్చి దాహమేస్తున్నా పక్కింట్లో మంచినీళ్ళు అడగని పిల్లవి. ఫోన్‌లో కూడా, రేడియోలో అందరూ గబగబా మాట్లాడేస్తుంటే మధ్యలో దూరడానికి మొహమాటంగా ఉంటుంది తాతయ్యా అన్నావు.

సెలవలకి వచ్చినప్పుడు ఒక సంక్రాంతికి మేడమీద పతంగి ఎగరేస్తుంటే దారం తెగి, మన పిట్టగోడకీ కరెంటు స్తంభానికీ మధ్య వీధికి అడ్డంగా వేలాడింది, గుర్తుందా? పతంగి ఎటు పోయిందో కూడా చూడకుండా మెట్లు దిగి పరుగెత్తి, వీధి మధ్యలో చేతులు చాచి నిలబడి, "దారం ఉందండీ, దారం ఉందండీ" అని కేకలేస్తూ, నేను కర్ర తెచ్చి దాన్ని లాగేసేదాకా వచ్చిన ప్రతి సైకిలునీ, ప్రతి స్కూటర్నీ ఆపావు. మునిసిపాలిటీ ట్రాక్టరు కూడా ఆగింది. నీ గొంతు అంత గట్టిదని మాకు ఆ రోజే తెలిసింది. నీ కోసం అడగాలంటే నోరు రాదు గానీ, ఎవరి మెడకో ఏదో తగులుతుందంటే వస్తుంది. ఈలోయ్ దగ్గర రేడియోలో నువ్వు మాట్లాడేది ఆ పైనున్న వాళ్ళ కోసమే అనుకో నాన్నా, ఆ గొంతుతోనే మాట్లాడు. అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పండి" అను. టవర్లో కూర్చున్నవాడికి అలా అడిగే పైలట్ మీద గౌరవమే తప్ప విసుగు రాదు, ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

వీలైతే, నీ ప్రయాణానికి ముందు వచ్చే ఆదివారం కారు వేసుకుని ఈలోయ్ వెళ్ళిరా. వాళ్ళు దిగడం ఒక పూట నిలబడి చూడు. ఆ విమానాలు నడిపేవాళ్ళలో ఎవరైనా కాఫీకి బయటికొస్తే, నేనిలా వచ్చే వారం మీ పక్కనుంచి పోతున్నాను, ఏ పక్కగా పోతే మీకు ఇబ్బంది ఉండదు అని అడుగు. తమ పని గురించి అడిగితే సంతోషంగా చెప్పని పైలట్‌ని నేనింతవరకూ చూడలేదు. మీ అమ్మమ్మ పంపిన సున్నుండల పార్సిలు ఈపాటికి చేరి ఉండాలి. రెండో డబ్బా ఆ పైలట్ల కోసమే, నీ రూమ్మేట్లకి అందకుండా దాచు.

ఆశీస్సులతో,
తాతయ్య