దుకాణం పేరు మీద కారు – పన్ను లెక్క

సైన్సు విద్యార్థికి పన్నుల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. గద్వాలలో ఎరువులు, విత్తనాల దుకాణం నడిపే మా మామ సెలవుల్లో నన్ను పిలిచి, "అల్లుడా, కారు దుకాణం పేరు మీద కొంటే పన్నులనే అంతా వసూలైతదంటున్రు. జర లెక్క చూసి చెప్పు" అన్నాడు. వనపర్తి, నాగర్‌కర్నూల్ గంజిల్లోనూ ఇదే మాట వింటుంటాము. ఇందులో నిజమెంతో చూద్దాం.

మొదటిది తరుగుదల. కారు ఖర్చును పన్నులోంచి తీసివేయరు, ఆదాయంలోంచి తీసివేస్తారు. అదీ ఒకేసారి కాదు. ఏటా మిగిలిన విలువలో 15 శాతం చొప్పున ఇస్తారు. 8,00,000 రూపాయల కారు విలువ లెక్కల్లో ఏడాదికి 6,80,000, రెండేళ్లకు 5,78,000, మూడేళ్లకు 4,91,300 అవుతుంది. రేడియోధార్మిక పదార్థం క్షీణించే తీరే ఇది. సగానికి రావడానికి నాలుగేళ్ల పైచిలుకు పడుతుంది. కొన్న సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడు సగం తరుగుదలే వస్తుంది.

రెండవది వాడకం. పెళ్లిళ్లకూ, జమ్ములమ్మ జాతరకూ తిరిగింది వ్యాపార ఖర్చు కాదు. ఒక దుకాణదారు కారు మూడింట రెండు వంతులు వ్యాపారం పని మీద తిరిగిందనుకుందాం. మొదటి ఏడు తరుగుదల 1,20,000లో 80,000 మాత్రమే చెల్లుతుంది. అతడు 20 శాతం శ్లాబులో ఉంటే తగ్గే పన్ను 16,000, సెస్సుతో కలిపి 16,640. ఎనిమిది లక్షలు పెట్టినందుకు ఆ ఏడు తరుగుదల వల్ల మిగిలేది ఇంతే! పెట్రోలు, బీమా, అప్పు వడ్డీలలో కూడా ఆ రెండు వంతులే చెల్లుతాయి. అందుకే ఏ రోజు ఏ పనికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒక పుస్తకంలో రాసుకోవాలి.

మూడవది జి.ఎస్.టి. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుబాటు చేసుకున్నట్లు కారు మీద కట్టినదాన్ని చేసుకోలేము. కార్లు అమ్మేవారికి, ట్యాక్సీ నడిపేవారికి, డ్రైవింగు స్కూళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గినా ఈ అడ్డు అలాగే ఉంది. సరుకు మోసే ట్రాలీ ఆటోకైతే, పన్ను పడే సరుకు అమ్మినంత మేరకు సర్దుబాటు దొరుకుతుంది.

నాల్గవది నగదు. ఒకే రోజు ఒకరికి 10,000 మించి నగదుగా ఇస్తే ఆ మొత్తం కారు ఖరీదులో చేరదు. దానిపై తరుగుదల ఉండదు. నోట్ల కట్టలతో బేరం చేసే మనవాళ్లు దీన్ని మరువరాదు.

అసలు మెలిక చివరిది. అమ్మకాలు 2 కోట్ల లోపు ఉన్న చిన్న వ్యాపారి అందులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై 6 శాతం లాభంగా చూపి పన్ను కట్టవచ్చు. అలా కడితే కారు ఖర్చు విడిగా ఒక్క రూపాయి కూడా చెల్లదు. మా మామ కడుతున్నది ఈ పద్ధతిలోనే! కమీషను మీద నడిచే అడ్తిదారులకు ఈ సౌకర్యం లేదు. వారు లెక్కల పుస్తకాలు రాయవలసిందే.

ఇదంతా విని మా నాయన, "షావుకారు కారుకు తరుగుదల ఇస్తరు, మన ట్రాక్టరుకు లేదా?" అని అడిగాడు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కనుక తీసివేయడానికి ఏమీ లేదు. కాని ట్రాక్టరు మీద కట్టే జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12కు బదులు 5 శాతమే అయినా, రైతుకు తిరిగి రాదు. రైతు పన్నే కట్టడనేవారు ఈ సంగతి గమనించాలి.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి; పైన చెప్పిన సూత్రాలు మారలేదు. అవసరముంటే కారు కొనాలి, పన్ను కోసం కొనరాదు. మామకు ఇదే చెప్పాను. "గట్లయితే వచ్చే ఏడు చూద్దాం తీ" అని ఆయన పాత మోటారు సైకిలు తీశాడు.