వేసవి పెరటి తోట: లేతగా కోస్తేనే కాపు నిలుస్తుంది

జనవరి నెలాఖరున, ఫిబ్రవరిలో విత్తిన పెరటి కూరగాయలు మార్చి, ఏప్రిల్‌లో కాపు మీద ఉంటాయి. నీళ్లు, ఎరువు శ్రద్ధగా ఇచ్చినవాళ్లు కూడా కోత దగ్గర ఆలస్యం చేస్తారు. కాయ ఇంకాస్త ఊరనిద్దామని ఆగుతారు. ఎండాకాలంలో ఆ రెండు రోజులే నష్టం తెస్తాయి. గింజ ముదరడం మొదలైతే మొక్క బలమంతా దానికే పోయి కొత్త పూత తగ్గిపోతుంది. అందుకే ముదిరిపోయిన కాయ కూరకు పనికిరాకపోయినా కోసి తీసేయాలి.

కోసే వేళ: ముందురోజు సాయంత్రం నీరు పెట్టి, తెల్లవారాక ఎండెక్కకముందే కోయండి. అప్పుడు కాయలు, ఆకులు నిండుగా ఉంటాయి. మధ్యాహ్నం కోసినవి త్వరగా వాడిపోతాయి. కోసినవాటిని వెంటనే నీడకు చేర్చండి.

బెండ, గోరుచిక్కుడు: పువ్వు విచ్చిన 5–7 రోజులకు బెండకాయ కోతకొస్తుంది. కొన పుటుక్కున విరిగితే లేతది, వంగి ఊరుకుంటే ముదిరినట్లే. రోజు విడిచి రోజు తప్పక కోయండి. నూగు దురద పెడుతుంది కాబట్టి చేతికి గుడ్డ చుట్టుకోండి. గోరుచిక్కుడును పీచు పట్టకముందే తెంపాలి.

తీగజాతి: బీర, సొర కాయల్లోకి గోరు సులువుగా దిగాలి. కాకరను పసుపు చాయ రాకముందే కోయాలి. కీర కూడా లేతగానే బాగుంటుంది. పప్పులోకి వాడే దోసను మాత్రం పసుపు రంగు తిరిగేదాకా ఉంచాలి. కాయను పట్టి లాగితే తీగ కదిలి పక్కనున్న పిందెలు రాలతాయి. కత్తెరతో తొడిమ ఉంచి కోయండి.

వంగ, టమాటా: వంకాయ నిగనిగలాడుతున్నప్పుడే కోయాలి. మెరుపు తగ్గిందంటే గింజ ముదిరిందని అర్థం. ఎండలు 35 డిగ్రీలు దాటితే టమాటాకు చెట్టు మీద ఎరుపు సరిగా రాదు, ఎండ తగిలిన వైపు తెల్లగా కమిలిపోతుంది కూడా. రంగు తిరగడం మొదలవగానే కోసి, ఇంట్లో నీడన పండనివ్వండి. ఫ్రిజ్‌లో పెడితే పండడం ఆగిపోతుంది.

ఆకుకూరలు: తోటకూర విత్తిన 25–30 రోజులకు చేతికొస్తుంది. వేళ్లతో పీకకుండా నేలకు రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. గోంగూర కొనలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి.

పురుగు కాయలు: పుచ్చు కాయలనూ, పండు ఈగ కుట్టి రాలిన కాయలనూ పాదుల్లో వదలొద్దు, పెంటకుప్పలో వేయొద్దు. లోతుగా పాతిపెట్టండి. వేపనూనె చల్లాలంటే కోత అయ్యాక సాయంత్రం చల్లండి. రసాయన మందు వాడితే డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా కోయకూడదు.

విత్తనానికి: నాటు రకాల విత్తనం దాచుకోవాలంటే, కాపు సగం దాటాక ఆరోగ్యమైన తీగ మీద ఒకటి రెండు మంచి కాయలు వదలండి. ముందే వదిలితే ఆ తీగకు మిగతా కాపు దెబ్బతింటుంది. బీర, సొర కాయలు తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలలాడాలి. అప్పుడు కోసి గింజ తీసి, నీడన ఆరబెట్టి, తడి తగలని డబ్బాలో పెట్టి పేరు రాసి ఉంచండి. తొలకరికి మీ పెరటి విత్తనమే మీకు సిద్ధంగా ఉంటుంది.